కావడీ, క్రూజర్ బండీ

క్రూజర్ బండి మైదానం కోసం పుట్టింది. సీటు కిందికి, కాళ్ళు ముందుకి, హ్యాండిలు చేతికి దగ్గరగా. నాది మీటియర్ 350, 2020లో వచ్చిన రకం. సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, బరువు 191 కిలోలు. సామర్లకోట నుంచి రాజానగరం దాకా ఏడీబీ రోడ్డు మీద హాయిగా పోతుంది. గోకవరం దాటి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఎక్కితే లెక్క మారుతుంది. మా ఊరు ఆ పైనే.

ఈ మధ్య దానికి ముందు అద్దం, లెగ్ గార్డు, బ్యాక్‌రెస్టు పెట్టించాను. వెనుక పక్కపెట్టెలు కూడా అడిగాను. వాటి స్టాండు బిగించాలంటే చీర గార్డు తీసెయ్యాలన్నాడు మెకానిక్కు. "ఇప్పుడెవరు ఉంచుతున్నారు మాస్టారూ?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెనుక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చెబుతుంది. నియమం సంగతి అలా ఉంచండి, మా అమ్మ ఉంది. చీరతో ఎడమవైపుకి కాళ్ళు పెట్టి కూర్చుంటుంది. మోకాళ్ళ నొప్పులకి ఆమెని ఆస్పత్రికి దింపేది ఈ బండి మీదే. కొంగు చక్రంలో పడితే ఏమవుతుందో మీకు తెలుసు.

అందుకని ఎడమ పెట్టె లేదు. కుడివైపు ఒక్కటే పెడితే? కావడి మోసినవాడు ఆ ప్రశ్న అడగడు. ఒక కొసన నీళ్ళ కుండ ఉంటే రెండో కొసన రాయైనా కట్టాలి. పైగా కుడిపక్క సైలెన్సరు వేడి. చివరికి బ్యాక్‌రెస్టు వెనుక చిన్న క్యారియరు, దాని మీద సంచి. పోయేటప్పుడు పుస్తకాలు, మందులు, వచ్చేటప్పుడు చింతపండు. బరువు బాగా వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోతుంది, మలుపులో మాట వినదు. బరువైనవి సీటు వైపుకే సర్దుతాను. వెనుక షాకబ్జార్బర్లు ఒక మెట్టు బిగించాను.

లెగ్ గార్డుకి కాళ్ళు చాపుకునే పెడల్స్ కూడా వచ్చాయి. ఏడీబీ రోడ్డు మీద సుఖమే. ఘాట్‌లో మాత్రం కుడికాలు బ్రేకుకి దూరమవుతుంది, గోకవరంలోనే మడిచేస్తాను. చలికాలం పొద్దున మంచుకి అద్దం మసకబారుతుంది. చూపు దాని పైనుంచి పోయేలా కిందికి దించాను.

బ్యాక్‌రెస్టు అమ్మ వీపుకి అందదు. పక్కకి కూర్చుంటే అది ఎడమచేతికి ఆసరా అవుతుంది. ఎక్కడానికి మాత్రం రాతి గట్టు పక్కన ఆపాలి. మొదటిసారి ఎక్కి ఆ ఇనప కడ్డీ పట్టుకుని, "డోలీ కంటే నయమేరా" అంది. కిందికి దిగాక కడ్డీకి పాత గుడ్డ చుట్టమంది. చేతికి చల్లగా తగులుతోందట.