కాలిబాట మీద చక్రాలు

దారి ఏ ఒక్కరి సొత్తూ కాదని పెద్దలంటారు. నిజమే. కాని సొంతదారు లేని దారికి కూడా, దానిని ఏండ్ల తరబడి తొక్కి తీర్చిన పాదాలు ఉంటాయి. ఈ చిన్న సత్యాన్ని మేము పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. రాచకొండ గుట్టలలో సైకిళ్ళు తొక్కి, తప్పుచేసి, సిగ్గుపడి నేర్చుకొన్నాము. ఆ వృత్తాంతమును విద్యార్థి మిత్రులకు, కళాశాల కార్యవర్గ పెద్దలకు నివేదించుకొనుటయే ఈ వ్యాసోద్దేశము.

మా ఊరు ఆదిభట్ల. హైదరాబాదు నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మా ఊరిని ఆనుకొనే పోతుంది. 2018లో ఇక్కడ ప్రారంభమైన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల దేహభాగాలు తయారైనవి. ఆకాశయానానికి పేరుపొందిన ఇటువంటి ఊరిలో ఉంటూ, మేము నలుగురు మిత్రులము మాత్రం నేలమీద నడిచే రెండు చక్రాలపై మనసుపడ్డాము. మాలో ఇద్దరి ఇండ్లలో తెలుగు, ఇద్దరి ఇండ్లలో ఉర్దూ. కొండదారులలో సైకిలు తొక్కవలెనన్న పిచ్చి మాత్రం నలుగురికీ ఒక్కటే.

ఈ క్రీడ పుట్టి ఎంతోకాలం కాలేదు. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, టమల్పాయిస్ అనే కొండమీద కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళతో మట్టిబాటల వెంట దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో వారు పెట్టుకొన్న పందెం పేరు రీప్యాక్. ఒక్కసారి కొండ దిగేసరికి బ్రేకులోని గ్రీజు కాలి పొగయ్యేది. మళ్ళీ కొత్త గ్రీజు నింపుకోవలసి వచ్చేది గనుక ఆ పేరు. ఆ మరుసటి సంవత్సరమే జో బ్రీజ్ అనే ఆయన కొండలకు తగిన సైకిలును ప్రత్యేకంగా తయారుచేశాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ ఆటకు స్థానం దొరికింది. నేడు ఆల్ప్స్ పర్వతాలలో, చలికాలం మంచుమీద జారేవారిని పైకి చేర్చే తీగల బండ్లే వేసవిలో సైకిళ్ళను శిఖరాలకు మోసుకొనిపోతున్నవి. మాకు తీగల బండ్లు లేవు, భుజాలున్నవి. అవి చాలుననుకొన్నాము.

శ్రావణమాసంలో ఒక ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాము. ఇబ్రహీంపట్నం చేరేసరికి పెద్దచెరువు మీద తెల్లని వెలుగు పరచుకొంటున్నది. ఆ ఊరి పేరు వినగానే 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా గుర్తుకువచ్చాడు. తెలుగు కవులను ఆదరించి, వారి నోట మల్కిభరాముడని పిలిపించుకొన్న ప్రభువు ఆయన. రెండు భాషల మిత్రులము ఆ కట్టపై ఒక్క సీసాలోని నీళ్ళు పంచుకొని త్రాగి, మంచాల మీదుగా గుట్టలకు చేరుకొన్నాము.

రాచకొండ పదునాలుగవ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. అలంకారశాస్త్రంలో ‘రసార్ణవసుధాకరము’ రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన చోటు. కోటద్వారాలలో పెద్దపెద్ద రాళ్ళను సున్నం లేకుండా, ఒకదాని బరువుతో ఒకటి నిలిచేటట్లు పేర్చారు. గుట్టలనిండా సీతాఫలపు చెట్లు, తుమ్మముళ్ళు, ఎండకు వానకు గుండ్రబడిన బండలు. మన ప్రాంతపు ఈ రాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రాయి అరిగి రాలిన ముతక మొరం మీద చక్రం పెడితే, ఆరబోసిన జొన్నలమీద కాలు పెట్టినట్లే జారుతుంది.

ఎక్కేటప్పుడు టైర్లలో గాలి కొంత తగ్గించి, గేరు తగ్గించి, చాతకానిచోట సైకిలును భుజాన వేసుకొన్నాము. కష్టమంతా దిగుదలలో తీరింది. మేకలు నడిచే ఒక సన్నని తోవ పైనుండి తిన్నగా క్రిందికి పోతున్నది. ముందురోజు వాన కురిసి నేల మెత్తగా ఉన్నది. వెనుకచక్రం బ్రేకు బిగబట్టి, అది తిరుగకుండా జరజర ఈడ్చుకొనిపోతుంటే మట్టి ఇరుప్రక్కలా ఎగిసిపడింది. ఆ ఆనందం ఏమని చెప్పగలము! ఒకసారి చాలక మూడుసార్లు ఎక్కి, మూడుసార్లు దిగాము. మాలో ఒకడు ముందు బ్రేకు గట్టిగా నొక్కి తలక్రిందులై మోచేయి గీచుకొన్నాడు. అదికూడా ఆనాడు మాకు వీరగాథయే అయింది.

పదిహేను రోజులకు మళ్ళీ పోయాము. ఈ నడుమ గట్టి వానలు పడ్డవి. మా తోవ ఉన్నచోట మోకాలిలోతు గాడి కనిపించింది. మొరమంతా కొట్టుకొనిపోయి క్రింద కుప్పపడింది. చెట్ల వేళ్ళు బయటపడినవి. గాడి ప్రక్కన మేకల తాత ఒకరు చేతికర్ర ఆనించుకొని నిలబడి ఉన్నారు.

“ఏమైంది తాతా?” అని అడిగాము.

“ఎవలో సైకిళ్ళు ఈడ్సిండ్రు బిడ్డా. మేక నడిస్తే తోవ అయితది. గీత గీస్తే నీళ్ళకు కాలువ అయితది. కట్టెలమోపు ఎత్తుకొని వస్తూ మా ముసల్ది ఈ గాడిలనే పడ్డది. కాలు బెణికి మంచం దిగుతలేదు” అన్నారు.

ఆయన మమ్ములను నిందించలేదు. ఎవరు చేశారో ఆయనకు తెలియదు. ఆ మాటయే మాకు మరింత బరువైనది. నలుగురము ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. ఏమీ మాట్లాడక వెనుకకు మరలవచ్చును. మరలుటకు సైకిళ్ళు సిద్ధంగానే ఉన్నవి. చివరకు మోచేయి గీచుకొన్న మిత్రుడే, “తాతా, ఆ ఈడ్చింది మేమే” అన్నాడు. తాత చాలాసేపు మా టైర్లవైపు చూచి, “మరి సక్కజేయుండ్రి” అన్నారు. అంతే.

తిరుగుదారిలో ఒక ఉర్దూ మిత్రుడు, “మా ఇంట్లో ఇటువంటి దారిని పగ్‌డండీ అంటారు, పగ్ అంటే పాదం” అన్నాడు. మన తెలుగులో అది కాలిబాట. చక్రాలకు బండ్లబాట వేరే ఉన్నది. రెండు భాషలూ ఆ సన్నని తోవను పాదం పేరనే పిలిచినవి. పాదం దారిలోనికి చక్రం అతిథిగా పోవలెనే గాని అధికారిగా కాదని ఆనాడు మాకు తోచింది.

తరువాత చదువగా, ఈ తగవు మాతోనే పుట్టలేదని తెలిసింది. ఆ టమల్పాయిస్ కొండ ప్రాంతంలోనే నడిచేవారికి, గుర్రపు స్వారీ చేసేవారికి, సైకిళ్ళవారికి నడుమ కలహం వచ్చి, సన్నని బాటలలో సైకిళ్ళను నిషేధించారు. 1988లో అంతర్జాతీయ మౌంటెన్ సైక్లింగ్ సంఘం ఏర్పడినది కూడా ఇట్టి చిక్కుల నడుమనే. వారి పద్ధతులు సులభమైనవి. బాట కొండవాలు వెంట తిన్నగా దిగరాదు. కొండను చుట్టుకొంటూ పోవలెను. బాట వాలు ఆ కొండవాలులో సగానికి మించరాదు; సగటున నూటికి పదిపాళ్ళు దాటరాదు. బాట అంచు బయటివైపునకు కొద్దిగా వంగి ఉంటే, వాననీరు దానివెంట పరుగెత్తక అడ్డంగా జారిపోతుంది. తిరిగే చక్రం నేలను అదుముతుంది. ఈడ్చిన చక్రం నేలను చెక్కుతుంది. నేల తడిసి ఉన్నప్పుడు అసలు పోరాదు.

మేము మూడు ఆదివారాలు పార, గడ్డపార, తట్టలతో పోయాము. గాడిని రాళ్ళతో, మొరంతో పూడ్చాము. తాత చూపినచోట్ల పెద్దరాళ్ళను బాటకు ఏటవాలుగా అడ్డం పాతి నీటిని ప్రక్కకు మళ్ళించాము. మొదటి రాళ్ళు కదిలిపోయినవి. అప్పుడు కోటద్వారం దగ్గరకు పోయి, రాయి రాయిమీద ఎట్లా కూర్చున్నదో కాసేపు చూచివచ్చాము. రెండవసారి పాతినవి నిలిచినవి. అరచేతులు బొబ్బలెక్కినవి, సైకిలు తొక్కిన ఏనాడూ అంత అలసట కలుగలేదు.

ఆశ్వయుజంలో ఒక వాననాడు, సైకిళ్ళు క్రిందనే వదిలి, గొడుగులు పట్టుకొని ఆ తోవను చూడబోయాము. ఎర్రని నీరు రాయిదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, ప్రక్కనున్న గడ్డిలోనికి మరలిపోయింది. అవ్వ ఇంకా కుంటుతూనే ఉన్నదని తాత చెప్పారు. ఆ కుంటు మేము పూడ్చగలిగిన గాడి కాదు.

విద్యార్థి మిత్రులారా! కొండలకు తప్పక పొండి. తడినేలపై పోకండి. ఎదురుగా మనిషిగాని మేకగాని వస్తే దిగి నిలబడండి. కార్యవర్గ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. జాతీయ సేవాపథకం క్రింద ఏటా ఒకరోజు, ఊరివారిని అడిగి, వారు చూపిన తోవను బాగుచేయుటకు మమ్ములను పంపండి. పారలు నాలుగు మావద్ద ఉన్నవి. మరికొన్ని ఇప్పించిన చాలును.