పిల్లి గజ్జి: ముందు పురుగు పేరు, తర్వాతే మందు

పిల్లికి వచ్చే గజ్జి ఒకే జబ్బు కాదు. కంటికి సరిగా ఆనని కొన్ని రకాల పురుగులు, అంటే మైట్లు, తెచ్చే చర్మరోగాలన్నిటికీ వాడుకలో ఉన్న పేరది. వాటిలో అసలు గజ్జి అనదగ్గది నోటోఎడ్రిస్ కాటి అనే పురుగు వల్ల వచ్చేదే. ఆడపురుగు చర్మం పైపొరను తొలుచుకుంటూ పోయి గుడ్లు పెడుతుంది. మొదట చెవి అంచుల మీద బూడిదరంగు పక్కులు కడతాయి. అక్కణ్ణుంచి ముఖానికి, కనురెప్పలకు, మెడకు పాకుతాయి. పిల్లి ముందుకాళ్లతో ముఖం తుడుచుకుంటుంది, ముడుచుకుని పడుకుంటుంది కాబట్టి పాదాలకూ తోక కిందికీ అంటుకుంటాయి. దురద విపరీతం. గోక్కుని గోక్కుని పుళ్లు పడతాయి, చర్మం మందమై ముడతలు తేలుతుంది. ముదిరితే పిల్లి తిండి మానేసి చిక్కిపోతుంది.

ఊళ్లో వీధి పిల్లుల చెవుల మీద ఈ పక్కులు చూసినవాళ్లు చాలామంది ఉంటారు. అమెరికాలో మాత్రం ఇది అరుదు, కొన్ని ప్రాంతాల్లోనే కనిపిస్తుంది. అందుకే డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న తెలుగు ఇంట్లో పిల్లికి వెంట్రుకలు ఊడుతుంటే, పాత జ్ఞాపకంతో గజ్జి పోల్చుకోవడం అంతగా పనికిరాదు. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో అనుమానించాల్సిన పురుగు డెమోడెక్స్ గటోయ్. ఇది చర్మం పైపైనే బతుకుతుంది, పిల్లి నుంచి పిల్లికి అంటుకుంటుంది. పక్కులు పెద్దగా కట్టవు. పొట్ట, తొడలు, పక్కలు నాకి నాకి పిల్లే తన బొచ్చు ఊడగొట్టుకుంటుంది. ఇల్లు మారాక బెంగ పెట్టుకుందనుకుని నెలల తరబడి వదిలేసేది ఇలాంటి పిల్లినే. దీని దగ్గరి బంధువు డెమోడెక్స్ కాటి వెంట్రుకల కుదుళ్లలో దాక్కుంటుంది, ఇతర పిల్లులకు అంటదు. షుగరు జబ్బు, ఎఫ్ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్), దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు ఒంటి రక్షణశక్తిని తగ్గించినప్పుడు విజృంభిస్తుంది. అది కనబడితే లోపల ఏ జబ్బుందో వెతకాలి.

చెవి పురుగు ఒటోడెక్టిస్ గుర్తుపట్టడం తేలిక: పిల్లి తల విదిలిస్తుంటుంది, చెవిలో కాఫీపొడి లాంటి నల్లటి గులిమి పేరుకుంటుంది. కూనల్లో ఎక్కువ.

పైకి చూసి తేల్చేయకూడదనడానికి ఇంకో కారణం తామర. అది ఫంగస్ వల్ల వచ్చేది, మనుషులకూ అంటుకునేది, మందు పూర్తిగా వేరు. గోమార్ల (ఫ్లీల) కాటు సరిపడక వచ్చే దురద కూడా చూపుకు ఇలాగే ఉంటుంది. అందుకే వెటర్నరీ డాక్టరు బ్లేడుతో చర్మం గీకి, ఆ పొట్టును మైక్రోస్కోప్ కింద చూస్తారు. నోటోఎడ్రిస్ సాధారణంగా గుంపులుగా దొరుకుతుంది. గటోయ్ అంత సులువుగా దొరకదు, ఎందుకంటే వాటిని పిల్లి నాకి మింగేస్తుంది. ఒక్కోసారి మలపరీక్షలోనే బయటపడుతుంది. పరీక్షలో ఏమీ దొరకకపోయినా అనుమానం బలంగా ఉంటే, మందు వేసి గుణం చూడడం ఇక్కడ సరైన పద్ధతే. పరీక్ష చేయకుండా దురదకని స్టెరాయిడ్ ఇప్పించుకోవడం మాత్రం సరైంది కాదు. అది లక్షణాన్ని కప్పేస్తుంది, పురుగును వదిలేస్తుంది.

ఇప్పటి చికిత్స చాలావరకు మెడ వెనక చర్మం మీద వేసే చుక్కలతోనే సాగుతుంది. సెలామెక్టిన్, మాక్సిడెక్టిన్, ఫ్లూరలానర్ అందులో ముఖ్యమైనవి. అమెరికాలో సెలామెక్టిన్ 8 వారాలు నిండిన పిల్లులకే అనుమతించారు, అదీ డాక్టరు చీటీ మీదే ఇస్తారు. గటోయ్ విషయంలో సెలామెక్టిన్‌ను నమ్ముకోలేం. దానికి పాతకాలపు సున్నం గంధకం స్నానం ఇప్పటికీ గట్టి మందు. వారానికోసారి చొప్పున కొన్ని వారాలు చేయించాలి. కుళ్లిన గుడ్ల వాసన, వెండి నల్లబడడం, తెల్ల బొచ్చు పసుపెక్కడం భరించక తప్పదు. ఒళ్లు ఆరేవరకు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ కట్టాలి. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు 3 వారాలు పడుతుంది కాబట్టి, దురద తగ్గిందని మధ్యలో ఆపితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అసలు ప్రమాదం సులువుగా దొరికే వస్తువులతోనే. అమెరికా సూపర్‌మార్కెట్లలో చీటీ లేకుండా అమ్మే కుక్కల చుక్కమందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. పొరపాటున పడితే వెంటనే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవంతో కడిగి అత్యవసర వైద్యానికి తీసుకెళ్లాలి. పశువుల ఐవర్‌మెక్టిన్‌ను ఇంట్లో కొలిచి వేయడమూ అంతే ప్రమాదం: ఆవు బరువుకు లెక్కగట్టిన మందు 4 కిలోల జీవికి సులువుగా మితిమీరుతుంది. కర్పూరం కలిపిన నూనెలు, టీట్రీ నూనె పిల్లికి విషాలు. కానుగనూనెతో ఎద్దుకు తగ్గిందనే అనుభవం ఇక్కడ చెల్లదు. ఒంటికి పూసింది ఏదైనా పిల్లి కడుపులోకే పోతుంది.

గజ్జిగానీ, గటోయ్‌గానీ, చెవి పురుగుగానీ తేలితే ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ ఒకేసారి మందు వేయాలి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి, సోఫాలు వాక్యూమ్ చేయాలి. పిల్లిని ఎత్తుకునేవాళ్ల చేతుల మీద, పొట్ట మీద నోటోఎడ్రిస్ వల్ల ఎర్రటి దద్దుర్లు లేవొచ్చు. అది మనిషి ఒంట్లో స్థిరపడలేదు. పిల్లికి నయమైన కొద్ది వారాల్లో అవీ మాయమవుతాయి. తగ్గకపోతే ఈసారి చూపించుకోవాల్సింది మనుషుల డాక్టరుకు.