తలపై కొంగు

మనిషి నోరు విప్పక మునుపే ఆ మనిషి కట్టిన బట్ట మాట్లాడుతుంది. పురుషుని విషయంలో ఆ మాట ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. స్త్రీ విషయంలో అది ఒక గ్రంథమవుతుంది. ఆమె కులం, కాపురం, భర్త ఉన్నాడా లేడా అన్న సంగతి, ఆమె మతం అన్నిటినీ చూచేవారు ఆమె నుదుటిమీదా, మెడలోనూ, కొంగు అంచునా చదువుకొంటారు. నేను హిందీ నుండి తెలుగులోనికి అనువాదాలు చేయబట్టి ఇరవై అయిదేళ్ళు దాటినది. ఇస్లాం స్వీకరించి కూడ దాదాపు అంతే కాలమైనది. ఈ రెంటిలో ఏది ఎక్కువ కష్టమని అడిగిన వారికి నా జవాబు ఒక్కటే: రెంటిలోనూ చిక్కు ముందుగా మాటలతోనే వచ్చినది.

తెలుగులో మనం సాధారణంగా ‘ముసుగు’ అన్న ఒక్క మాటతో సరిపుచ్చుకొంటాం. హిందీలో ఘూంఘట్ వేరు, పర్దా వేరు, నకాబు వేరు. ఉత్తరాది హిందూ గృహాలలో కోడలు మామగారి ఎదుట, బావగారి ఎదుట ముఖంమీదికి లాగుకొనేది ఘూంఘట్. అది అత్తవారింటి మర్యాద. పుట్టింట దాని అవసరం లేదు. బురఖా ఇందుకు తలక్రిందులు. ఇంట తీసివేసి, గడప దాటేటప్పుడు వేసుకొనేది. ఒకటి బంధువుల ఎదుట, రెండవది పరాయివారి ఎదుట. రెంటినీ ‘ముసుగు’ అని అనువదిస్తే కథలో సగం అర్థం పోతుంది. ఇక మన ‘ఘోషా’ పారసీక భాషలోని ‘గోషా’ నుండి వచ్చినది. అక్కడ దాని అర్థం ‘మూల’. అది బట్ట పేరు కాదు, చోటు పేరు. మన జమీందారీ లోగిళ్ళలో హిందూ స్త్రీలు కూడ ఘోషా పాటించారు. విశాఖపట్నంలోని ఆడవారి ఆసుపత్రిని జనం ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు.

తలపై బట్ట వేసుకొనడం ఒకటి, మూల కూర్చుండడం వేరొకటి. బెంగాలు రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ ఈ భేదాన్ని శతాబ్దం క్రితమే గుర్తించినది. 1931లో వెలువడిన ‘అవరోధవాసిని’లో అంతఃపుర నిర్బంధాన్ని నిర్దాక్షిణ్యంగా ఎగతాళి చేసిన ఆమెయే, అంతకు ఎంతో ముందు బురఖాపై వ్రాసిన వ్యాసంలో ఒద్దికైన వస్త్రధారణను సమర్థించినది. 1911లో కలకత్తాలో ముస్లిం బాలికలకు బడి నడపసాగిన మనిషి ఆమె. ఆడపిల్ల బడికి పోగలదా లేదా అన్నదే ఆమెకు ముఖ్యం.

నేను హిందీ ఎం.ఏ. చదివిన పిమ్మట ఉద్యోగరీత్యా భోపాలులో స్థిరపడ్డాను. మతం మారినది 2001లో, ముప్పది రెండవ యేట. పెండ్లి కోసం కాదు. నేను పెండ్లే చేసుకోలేదు. కారణాలు వివరించబోను, భక్తిని గురించి వాదించినకొద్దీ అది పలుచనవుతుంది. పొరుగింటి వృద్ధురాలు తెల్లవారుజామున నమాజుకు లేచి, ఎవరికీ నిద్రాభంగం కాకుండా నీళ్ళు వంచుకొనే సన్నని చప్పుడు ఏళ్ళ తరబడి విన్నానని మాత్రం చెబుతాను. మధ్యప్రదేశ్‌లో మతం మార్పిడిపై చట్టం 1968లోనే వచ్చినది. 2021 నాటి చట్టమైతే మారదలచినవారు 60 రోజులు ముందుగా జిల్లా అధికారికి తెలుపవలెనన్నది. ప్రభుత్వానికి చెప్పడం కాగితం పని. అమ్మకు చెప్పడం అట్లా కాదు.

అమ్మ గోదావరి తీరాన ఒక అగ్రహారంలో ఉండేది. నేను వెళ్ళి చెప్పినప్పుడు ఆమె దేవుణ్ణి గురించి అడగలేదు, తిండిని గురించి అడగలేదు. నా నుదురు చూచినది. “బొట్టు కూడా తీసేశావుటే?” అన్నది. కొంతసేపటికి, “మీ నాన్న పోయిన పదోనాడు నలుగురూ చేరి నా బొట్టు తుడిచారు. నీ బొట్టు నువ్వే తుడుచుకున్నావు” అన్నది. తెలుగువారి ఇంట బోసి నుదుటికి ఒకే అర్థం ఉన్నది. పెండ్లి కాని కూతురి ముఖాన ఆమె చూస్తున్నది తన వైధవ్యాన్నే.

మా అమ్మమ్మ ముసుగు ఇంకొకటి. ఇరవై యేళ్ళకే భర్త పోగా, తల తీయించి, ముతక చీర కొంగు నెత్తిమీద కప్పారు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. అయినా ఆ గాలి మా గడపలోనికి రాలేదు. చిన్నతనంలో నేను ఆటకు ఆ కొంగు లాగబోతే అమ్మమ్మ రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకొనేది. దూరం నుండి చూచేవారికి ఆమె తలపై బట్టా, నా తలపై బట్టా ఒకటే. ఆమెది ఇతరులు కప్పినది. నాది నేను కప్పుకొన్నది.

నిత్యజీవితంలో ఇవన్నీ చాలా చిన్న సంగతులై కనబడతాయి. చౌక్ బజారులో కొన్న నల్లని బురఖా కొన్నాళ్ళు వేసుకొన్నాను. చీరపై అది కుదరదు. కుచ్చెళ్ళు ఉబ్బుతాయి, బస్సు ఎక్కేటప్పుడు రెండు అంచులు ఎత్తిపట్టాలి. పిమ్మట మణికట్టు దాకా చేతులు, నడుము క్రిందికి పొడుగు ఉన్న రవికలు కుట్టించుకొన్నాను. కొంగును కుడి భుజం మీదుగా త్రిప్పి తలపై వేసి, గడ్డం క్రింద పిన్నుతో నిలుపుతాను. పట్టు జారుతుంది, గంజి పెట్టిన నూలు నిలుస్తుంది. పొయ్యి దగ్గర కొంగు నడుమున దోపి, తలకు వేరే రుమాలు కట్టుకొంటాను. నమాజుకు ముందు చేతులు మోచేతుల దాకా కడుగుకోవాలి. బిగుతు చేతులు పైకి మడవడం కుదరదు. మణికట్టు వద్ద చీల్చి రెండు హుక్కులు పెట్టే ఉపాయం మా దర్జీ చెప్పాడు.

పొరుగింటి ఖాలా ఒకామెకు నా చీర నచ్చలేదు. “అది హిందువుల కట్టు కదా, బేటీ” అన్నది. ఇంట తెలుగే మాట్లాడుతూ, చీరే కట్టుకొంటూ, తరతరాలుగా నమాజు చేస్తున్న మన దూదేకుల కుటుంబాలను గురించి ఆమెకు చెప్పాను. మా ఊరివారికి తలపై కొంగు నచ్చలేదు. పుట్టుకతో ముస్లిమైన స్త్రీకి కొంగు జారితే అది గాలి తప్పు. నాకు జారితే విశ్వాసంలో లోటు. ఖురానులోని ‘నూర్’ అధ్యాయంలో చూపు దించుకొమ్మన్న ఆజ్ఞ మొదట పురుషులకు ఉన్నది, స్త్రీల మాట ఆ తర్వాతిది. ఈ క్రమం గుర్తున్నవారు నాకు అరుదుగా తటస్థపడ్డారు.

భోపాలు ఈ విషయంలో విచిత్రమైన నగరం. సికందర్ బేగం పర్దా లేకుండానే రాజ్యమేలినది. ఆమె మనుమరాలు సుల్తాన్ జహాన్ బేగం బురఖాలోనే ఏలి, 1922లో పర్దాను సమర్థిస్తూ పుస్తకం వ్రాసి, చివరి సంవత్సరాలలో తానే ముసుగు తీసివేసినది. అమ్మమ్మకూ మనుమరాలికీ మధ్య ఎన్ని దారులైనా ఉండవచ్చును.

మన సాహిత్యలోకం ఈ ప్రశ్నను కమలాదాస్ మూలంగా ఎదుర్కొన్నది. 1965 నాటి ‘సమ్మర్ ఇన్ కలకటా’లోని ఒక కవితలో, అన్న ప్యాంటు తొడిగి జుట్టు కత్తిరించుకొన్న పిల్లకు, చీర కట్టుకొమ్మని పెద్దలు చెప్పిన బుద్ధులు ఉన్నవి. 1999 డిసెంబరులో ఆమె ఇస్లాం స్వీకరించి కమలా సురయ్య అయి బురఖా ధరించినది. అప్పుడూ అందరూ బుద్ధులే చెప్పారు. 2009 మే 31న పుణెలో మరణించి, తిరువనంతపురంలోని పాళయం మసీదులో ఖననమైనది. ఆమె కవితలపై జరిగినంత చర్చ ఆమె బట్టపైనా జరిగినది.

రాజ్యాలు కూడ ఈ బట్టను విడువలేదు. ఇరానులో 1936లో బలవంతాన తీయించారు. 1983లో బలవంతాన వేయించారు. కర్ణాటకలో 2022లో కొన్ని కళాశాలల వాకిట బాలికలను నిలిపివేశారు. అదే అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాల తీర్పు చెప్పారు. మా వీధిలో తండ్రి కోపానికి జడిసి కప్పుకొనే పిల్లలనూ ఎరుగుదును. వారి తరపున మాట్లాడకుండా నా స్వేచ్ఛను గురించి మాత్రమే మాట్లాడడం న్యాయం కాదు. మా అమ్మమ్మ చేతులు నాకు జ్ఞాపకమున్నవి.

నేను చెప్పి వచ్చిన నాలుగేళ్ళకు అమ్మ ఒక పార్సెలు పంపినది. రెండు నూలు చీరలు, వాటికి రవిక గుడ్డలు. రవికకు ఎనభై సెంటీమీటర్లు చాలునని ఆమెకు తెలియనిది కాదు. అవి మీటరున్నర చొప్పున ఉన్నవి. నిండు చేతులకు, పొడుగు నడుముకు చాలునట్లు కొలిపించి కోయించినది. ఉత్తరంలో ఆ ప్రసక్తి లేదు. ఎండలు జాగ్రత్త అని మాత్రం ఉన్నది. 2014లో ఆమె పోయేవరకు ప్రతి సంక్రాంతికీ ఆ కొలత గుడ్డ వస్తూనే ఉన్నది. ఆమె నన్ను సమ్మతించినదని నేననను. నా నుదురు కనబడితే చివరిదాకా చూపు త్రిప్పుకొనేది. కాని సమ్మతించకుండానే నా కొలత తెలుసుకొన్నది. ఇంతకంటె మర్యాద నేను పొరుగువారినిగాని, ప్రభుత్వాన్నిగాని అడగను.