చింతగింజలతో అరకు రైలు

గోదావరి మీద పాపికొండల లాంచీ ప్రయాణం, అది అవగానే విశాఖ నుంచి అరకు రైలు. ఈ రెండూ ఒకే ట్రిప్పులో పెట్టుకోవచ్చా? అదీ ఏడేళ్ళ పిల్లాడితో, నాలుగేళ్ళ పిల్లతో? సెలవులు వస్తున్నాయంటే చాలు, మా సైనిక్‌పురిలో ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతారు. మేం 2018 సంక్రాంతి సెలవుల్లో వెళ్ళొచ్చాం కదా, అందుకని. వాళ్ళకి చెప్పేదే మీకూ చెబుతున్నాను.

మేం ఆరుగురం. మావారు, నేను, పిల్లలిద్దరు, అత్తగారు, మామయ్యగారు. మామయ్యగారు మిలిటరీలో చేసి వచ్చినవారు. (సైనిక్‌పురి పుట్టిందే అలాంటివాళ్ళ కోసం.) ఆయన ఉంటే ప్రయాణాల్లో ఒక సుఖం ఉంది, ఎవరూ ఆలస్యంగా లేవరు. సికింద్రాబాదులో గౌతమి ఎక్కి తెల్లవారకముందే రాజమండ్రిలో దిగాం.

లాంచీ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నది సన్నబడి రెండువైపులా కొండలు దగ్గరికి జరిగే చోటు ఎంతసేపు చూసినా తనివి తీరదు. పేరంటాలపల్లిలో శివాలయం చూసుకుని, రాత్రికి కొల్లూరు ఇసుకతిన్నె మీద వెదురు గుడిసెల్లో పడుకున్నాం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని పిల్లలు ఎంత గోల చేసినా విప్పనివ్వకండి. మేం వెళ్ళొచ్చిన మరుసటి ఏడాది, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతోమంది పోయారు. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ వార్త విన్నరోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

అసలు కథ కొల్లూరు రాత్రి మొదలైంది. పొద్దుపోయాక జనరేటరు ఆపేశారు. మా పాపకి చీకటంటే ప్రాణం పోతుంది, ఇంట్లో కూడా వంటింటి లైటు వెయ్యందే పడుకోదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకేలా ఉండే ఆ చీకట్లో అది ఏడ్చిన ఏడుపుకి పక్క గుడిసెలవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. తెల్లవార్లూ నా మెడ వదల్లేదు.

పొద్దున్నే మావారు అన్నారు, "అరకు రైల్లో అన్నీ సొరంగాలే. ఇదెక్కడ తట్టుకుంటుంది? టికెట్లు కాన్సిల్ చేసి కారు మాట్లాడుకుందాం." అత్తగారు కూడా, "పసిపిల్లని ఏడిపించి చూసే కొండలు మనకెందుకే?" అన్నారు. కారంటే ఘాట్ రోడ్డు. మా బాబుకి నాలుగు మలుపులు తిరిగితే చాలు, వాంతి. అది కాక నాకింకో బెంగ పట్టుకుంది. ఇప్పుడు చీకటి ఉందని రైలు మానేస్తే, రేపు సినిమాహాలు, ఎల్లుండి కరెంటు పోయిన ఇల్లు, అన్నిటికీ ఇలాగే దాన్ని ఎత్తుకుని పారిపోవాలి కదా? పోనీ ఎక్కించాక అది హడలిపోతే, జన్మంతా రైలంటేనే భయం పట్టుకుంటుందేమో! విశాఖ చేరేదాకా ఇదే ఆలోచన. చివరికి మామయ్యగారే తేల్చారు. "సొరంగం రాత్రిలాంటిది కాదమ్మాయ్, నిమిషంలో అయిపోతుంది. దానికి అయిపోతుందని తెలియాలి, అంతే."

అయిపోతుందని నాలుగేళ్ళ పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం విశాఖలో పచారీ కొట్టుకి వెళ్ళి గింజ తియ్యని చింతపండు కొన్నాను. గింజలు వొలిచి కడిగి, జేబురుమాల్లో మూటకట్టాను. అరవై దాకా వచ్చాయి.

మర్నాడు ఏడు కాకముందే కిరండూల్ పాసింజరు కదిలింది. అద్దాల బోగీ 2017 ఏప్రిల్‌లో పెట్టారు. పైన కూడా అద్దాలే, కుర్చీలు తిప్పుకోవచ్చు. మాకు అందులో దొరకలేదు, మామూలు బోగీయే. నన్నడిగితే పిల్లలతో మామూలు బోగీయే మేలు. కిటికీలోంచి గాలి వస్తుంది, అమ్మేవాళ్ళు ఎక్కుతారు, పిల్లలు అరిచినా ఎవరూ మొహం చిట్లించరు. కుడివైపు కిటికీలు దొరికాయి.

శృంగవరపుకోట దాకా పొలాలు, కొబ్బరిచెట్లు. అది దాటాక కొండ ఎక్కడం మొదలైంది. మొదటి సొరంగంలో పాప నా ఒడిలో మొహం దాచేసుకుని ఒకటే కేక. వెలుగు రాగానే దాని చేతిలో ఒక గింజ పెట్టాను. "ఇది అయిపోయిన చీకటి. నీ డబ్బాలో వేసుకో" అన్నాను. రెండోదానికి చెవులు మూసుకుంది కానీ ఏడవలేదు. మూడోదానికి, "మళ్ళీ వెలుగొస్తుందా?" అంది. "వస్తేనే గింజ" అన్నాను. తర్వాత త్యాడ, చిమిడిపల్లి వస్తున్నకొద్దీ సొరంగం మీద సొరంగం. బోగీలో పిల్లలంతా చీకటి రాగానే "ఓ..." అని అరవడం మొదలుపెట్టారు. పది గింజలు దాటాయో లేదో, మా పిల్ల గొంతు కూడా అందులో కలిసింది. మావారు నావైపు చూసి ఊరుకున్నారు. ఆ చూపు చాలు నాకు.

"తాతయ్యా, ఇన్ని కొండలకి చిల్లులెందుకు పెట్టారు? మనం చూడ్డానికా?" అన్నాడు బాబు. మన కోసం కాదట. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో ఇనప ఖనిజం ఉంది. దాన్ని విశాఖ ఓడరేవుకి దించి జపానుకి పంపడానికి 1960లలో జపాను సాయంతో ఈ లైను వేశారు. అందుకే దారి పొడుగునా ఎర్రమట్టి రంగు ఖనిజం నింపుకున్న గూడ్సులు ఎదురొస్తుంటాయి. వాటికి దారివ్వడానికి మన రైలు ఆగిందంటే విసుక్కోకండి, ఈ దారి అసలు యజమానులు అవే.

బొర్రా గుహలు స్టేషనులో సగం బోగీ ఖాళీ అయింది. అత్తగారి మోకాళ్ళకి గుహలో మెట్లు పడవని మేం దిగలేదు. ఆ తర్వాత షిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. తెల్లవారి సముద్రం పక్కన బయలుదేరినవాళ్ళం, అక్కడికి వచ్చేసరికి స్వెట్టర్లు తీశాం. స్వెట్టర్లు పెట్టె అడుగున పెట్టకండి, చేతిసంచిలో ఉండాలి.

తిండి సంగతి. చింతపండు పులిహోర, పంచదార చల్లి చుట్టిన చపాతీలు, అరటిపళ్ళు చాలు. జనవరిలోనైనా పెరుగన్నం వద్దు, రైలు దిగేసరికి పులుస్తుంది. వాంతులున్న పిల్లలకి బయలుదేరే ముందు పాలు పట్టకుండా, నిమ్మకాయ ఒకటి చేతికిచ్చి వాసన చూడమనండి. మా బాబుకి రైల్లో ఆ అవసరమే రాలేదు. రైలు మలుపు తిరిగినా కారులా కుదపదు. పిల్లల్ని బాత్రూముకి ఘాట్ మొదలవకముందే తీసుకెళ్ళి తీసుకురండి. సొరంగాలు మొదలయ్యాక కిటికీ దగ్గర్నుంచి వాళ్ళు లేవరు, మీరూ లేవలేరు. కిటికీలోంచి చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి, సొరంగం గోడ చాలా దగ్గరగా వస్తుంది.

అరకులో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చూశాం, కాఫీ తాగాం. బొంగు చికెన్ మావారూ బాబూ తిన్నారు. తిరుగు ప్రయాణం బస్సులో చేశాం. సాయంత్రం రైలైతే విశాఖ చేరేసరికి బాగా పొద్దుపోతుంది, పిల్లలు ఒళ్ళో వాలిపోతారు.

ఇంతకీ సొరంగాలెన్ని? ఈ లైనులో 58 అని అందరూ చెప్పే మాట. అది కిరండూల్ దాకా లెక్క. అరకు వరకు ఎన్నో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. మామయ్యగారి లెక్క ఒకటి, బాబు లెక్క ఇంకొకటి. పాప డబ్బాలో గింజలు చూసి చెబుదామంటే అది కరకవలస దగ్గర నిద్రపోయింది, డబ్బా ఒలికిపోయింది. మీరు వెళ్ళేటప్పుడు కాస్త ఎక్కువ గింజలే పట్టుకెళ్ళండి, పది పదిహేను ఎలాగూ సీటు కిందికి పోతాయి.