పెన్న ఒడ్డున మేనరికాలు

పులస మీద ఏదైనా రాయమని సంపాదకుడు అడిగాడు. ధవళేశ్వరం ఆనకట్ట గోడకు తల కొట్టుకుని ఆగిపోయిన చేపను వేలకు వేలు పోసి కొంటాం, పులుసు గురించి పేజీలు నింపుతాం, గోడ మాట మాత్రం ఎత్తం. నాకు విసుగొచ్చింది. మా దూరపు బంధువు ఒకాయన ఇందుకూరుపేట దగ్గర మంచినీటి రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. మైపాడు రోడ్డు పట్టుకుని అక్కడికి పోయాను.

తొట్లు, ఉప్పునీటి పైపులు, ఆర్టీమియా డబ్బాలు అన్నీ ఆయన శ్రద్ధగా చూపించబోయాడు. నేను మొదటి షెడ్డు దాటలేదు. అక్కడ డెబ్బై ఏళ్లు పైబడిన యానాది తాత ఒకాయన నీలకంఠం రొయ్యల్ని ఏరుతున్నాడు. మోచేతి దాకా నీళ్లలో ముంచి, వీపు మీద పట్టి, పొడుగాటి కొండి కాళ్లు మణికట్టుకు తగలకుండా వెనక్కి మడిచి పైకి తీస్తాడు. బొటనవేలితో తోక కాస్త విప్పి పొట్ట కింద గుడ్ల రంగు చూస్తాడు. నారింజ రంగైతే ఒక తొట్టిలోకి, బూడిద రంగుకు తిరిగితే ఇంకో తొట్టిలోకి. బూడిద రంగంటే రెండు మూడు రోజుల్లో పిల్ల బయటపడుతుంది. ఒక్క గుడ్డు రాలలేదు. అంత వేగంగా, అంత మెత్తగా పనిచేసే చేతుల్ని నేను ఆసుపత్రుల్లో కూడా చూడలేదు.

"ఈ తల్లులు యాడివి తాతా?"

"గుంటల్లోవే సామీ. ఈటి తల్లులూ గుంటల్లోవే, ఆటి తల్లులూ గుంటల్లోవే. ముందంతా నేనే ఏట్లో పట్టి తెచ్చిస్తా ఉంటి. కొత్తనీళ్లు దిగితే గుడ్ల రొయ్యలు దిగేయి. ఇప్పుడు ఏరేదీ?"

మా బంధువు పక్కనుంచి అందుకున్నాడు. "అన్నీ మేనరికాలే. అందుకే ఎదుగూ బొదుగూ లేదు."

శాస్త్రవేత్తలు పెద్ద వ్యాసాల్లో చెప్పేదీ ఇదే. ఏట్లో తల్లులు ఎందుకు కరువయ్యాయో చూడండి. నీలకంఠం పెరిగేది మంచినీళ్లలో. గుడ్లు పెట్టుకున్న తల్లి మాత్రం ఏటి వాలున దిగి, సముద్రపు ఉప్పు తగిలే చోటుకు రావాలి. ఉప్పు కలవని నీళ్లలో పిల్ల బతకదు. ముఖద్వారం దగ్గర నెలరోజులు పెరిగి రొయ్య ఆకారం వచ్చాక ఆ పిల్లలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. రాత్రిపూట తడి రాళ్ల మీద పాకుతూ కూడా పోతాయి. కానీ ఎండిన కాంక్రీటు గోడను పాకలేవు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచొచ్చే పెన్నకు నెల్లూరు, సంగం దగ్గర దొరల కాలంలోనే ఆనకట్టలు పడ్డాయి. ఆపైన 78 టీఎంసీల సోమశిల వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. వరికి నీళ్లు కావాలి, కాదనను. ఆ వరి అన్నమే నేనూ తింటున్నాను.

గోడ పడితే చేపలు తగ్గుతాయని అందరికీ తెలుసు. మిగిలినవాటి రక్తంలో ఏం జరుగుతుందో ఎవరూ పట్టించుకోరు. పెద్ద మందలో ఒకటి వేడికి ఓరుస్తుంది, ఒకటి జబ్బుకు ఓరుస్తుంది. మంద ముక్కలైతే ఏ గుణం నిలవాలో, ఏది పోవాలో గుడ్డి అదృష్టమే తేలుస్తుంది. అరుదైన గుణం ఒక్క కరువు ఏడాదితో పోవచ్చు. తరానికి ఒకటో రెండో కొత్త జీవాలు వచ్చి కలిసినా ఈ నష్టం చాలావరకు ఆగుతుందంటుంది జన్యుశాస్త్రం. ఆనకట్ట ఆ ఒక్కదాన్నీ పైకి రానివ్వదు. వరదకు కిందికి జారడమే తప్ప ఎదురెక్కడం ఉండదు. దీనికి విరుగుడని జలాశయాల్లో మనం వదిలేది మళ్లీ హేచరీ పిల్లల్నే!

నీలకంఠం ఈ నష్టం తాలూకు బాకీని మన చేత తొందరగానే కట్టించింది. 2005-06లో దేశంలో 40 వేల టన్నులు దాటిన దిగుబడి నాలుగైదేళ్లలోనే పదివేల లోపుకు పడిపోయింది. తెల్లతోక జబ్బు ఒక కారణం, వెనామీ రొయ్య రాక ఇంకొకటి. తరతరాలుగా గుంటల్లో తల్లుల్నే తిప్పి తిప్పి వాడడం మూడోది. భువనేశ్వర్‌లోని మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ సీఫా 2007లో కొత్త రక్తం కోసం గుజరాత్, కేరళ, ఒడిశా నుంచి రొయ్యల్ని సేకరించి, తరాల తరబడి ఎంపిక చేసి, 2020లో మేలు రకం విడుదల చేసింది. సంతోషం. కానీ నీలకంఠానికి దేశంలోనే పేరు మోసిన నెల్లూరు ఏరు ఆ జాబితాలో లేదు. ఈ సంగతి చెబితే తాత నవ్వాడు.

గోడల బాధ పెన్న ఒక్కదానిదే కాదు. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలయ్యాక, అలహాబాద్ దాకా ఎదురీదిన ఇలిస పైన దాదాపు కనుమరుగైంది. ఇలిస అంటే మన పులసే. ఇప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని మోసుకెళ్లి గోడకు అవతల వదులుతున్నారు. అమెరికాలో ఎల్వా నది మీద వందేళ్ల నాటి ఆనకట్టను, దాని పైనున్న ఇంకొకదాన్ని 2011 నుంచి 2014 మధ్య కూల్చేస్తే, గోడ వెనక చిక్కిన ట్రౌట్ సంతతి మళ్లీ సముద్రానికి దారి పట్టింది. అన్నేళ్లూ ఆ గుణం రక్తంలో దాగి ఉండబట్టి సరిపోయింది. మన మద్రాసు ప్రెసిడెన్సీ నదుల్లో ఆనకట్టలు చేపల దారి మూస్తున్నాయని చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873లోనే నివేదిక రాశాడు. నూటయాభై ఏళ్లు దాటినా బ్యారేజీ అనగానే మనం అడిగేది ఎన్ని ఎకరాలు, ఎన్ని టీఎంసీలు అనే. గేట్ల పక్కన గరుకు రాళ్లు పరిచి, తడి ఆరకుండా సన్నటి వాలు కాలువ ఒకటి విడిస్తే ఎంతవుతుందో ఏ ఇంజనీరునైనా లెక్క వేయమనండి.

తాత అంత పెద్దది అడగలేదు. కొత్తనీళ్లు దిగినప్పుడు పది పదిహేను రోజులు ముఖద్వారం దగ్గర సన్నకంటి వలలు ఆపిస్తే చాలన్నాడు. "మా కులపోళ్లకు నేను చెప్పుకుంటా. మిగతావాళ్లకు మీరు చెప్పండి సామీ."