బయ్యారం చెరువు కట్ట మీద

 

ఫిబ్రవరి 15న సేవాలాల్ మహారాజ్ జయంతి. తండాలో భోగ్ భండారో అయిపోయాక, మేం హాస్టల్ దోస్తులం ముగ్గురం డోర్నకల్ నుంచి గార్ల మీదుగా బయ్యారం పెద్దచెరువుకు పోయినం. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన చెరువు అది. చిన్నప్పుడు అక్కడికి ఉండేలు పట్టుకొని పోయేవాళ్లం. ఈసారి ఉత్త చేతులతోనే పోయినం.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజులు. మోదుగులు పూసినయ్. నీళ్ల మీద నామంకోళ్లు బాగా ఉన్నయ్. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్ల నామం. వాటి అవతల సూదితోక బాతులు. ఇవి సైబీరియా, మధ్య ఆసియా దిక్కు నుంచి చలికాలానికి మన చెరువులకు వస్తాయి. ఎండలు ముదిరేసరికి మళ్లీ ఉత్తరానికి ఎగిరిపోతాయి.

ఇంతలో తుంగ మీదుగా, తక్కువ ఎత్తులో ఒక గద్ద వచ్చింది. పుస్తకాల్లో మార్ష్ హ్యారియర్ అంటారు. బాతుల లెక్కనే అదీ చలికాలపు చుట్టమే. దాన్ని చూడగానే నామంకోళ్లన్నీ దగ్గరికి జరిగి ఒక్క నల్లటి ముద్దయినయ్. గద్ద పైనుంచి పోతది, తిరిగి వస్తది, మళ్లీ పోతది, కానీ దిగదు.

కట్ట మీద వల సర్దుకుంటున్న పెద్దాయన అన్నడు: "అది గుంపు మీద పడదు బిడ్డా. ఎన్కవడ్డదాన్ని చూస్తది. అందుకే గట్ల తిరుగుతది."

అప్పుడు కనబడింది, దూరంగా ఒంటిగా ఒక నామంకోడి. గద్ద దాని మీదికి దిగింది. అది మునిగింది. తేలింది. మళ్లీ మునిగింది. మూడోసారి తేలేసరికి గుంపులో ఉంది. అది గుంపును చేరిందో, గుంపే దాని దిక్కు జరిగిందో మాకు తెలియలేదు.

మాకెవరికీ మాట రాలేదు. మా రూంలో నాలుగో మంచం దసరా నుంచి ఖాళీగా ఉంది. మొదటి సెమిస్టర్లో మూడు సబ్జెక్టులు పోయినయని సిగ్గుపడి, చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయిండు. వాళ్లింట్లో కూడా కాలేజీ గడప తొక్కింది వాడొక్కడే. "వాడే వస్తడులే" అనుకున్నం తప్ప, ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

కట్ట మీది నుంచే చేసినం. మిర్చి ఏరే పనిలో ఉన్నడు. "ఫీజు కట్టే తేదీ అయిపోలేదురా, పుస్తకాలు మా దగ్గరున్నయ్, రా" అన్నం. చాలాసేపు మాట్లాడలేదు. "యాడిని అడిగి చెప్తా" అన్నడు.

ఇంకా రాలేదు. మళ్లీ చేస్తున్నం. మీ రూంలో కూడా ఖాళీ మంచం ఉంటే, ఈ రాత్రే ఒక ఫోన్ చేయండి.