బీరువా తాళంచెవి

గ్రంథాలయం విజ్ఞాన భాండాగారమని పెద్దలు సెలవిచ్చారు. ఆ భాండాగారానికి తాళం కూడ ఉంటుందని నేను తెలుసుకొన్నది పదునాలుగవ ఏట.

మా ఊరి గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా ఉండేది. యౌవనారంభంలో దేహంలో కలిగే మార్పులను వివరించే పుస్తకమొకటి అందులో కనిపించేది. తాళంచెవి గ్రంథపాలకుని వద్ద ఉండేది. ఆయన సౌమ్యుడు, అడిగితే ఇచ్చేవారే. కాని ఆయన మా నాన్నగారి మిత్రులు. మూడు సాయంకాలాలు ఆయన బల్ల వరకు నడిచి, వార్తాపత్రిక తిరగవేసి, ఇంటికి వచ్చాను. ఆ పుస్తకం నేను చదవనేలేదు.

ఇటీవల అమెరికా న్యాయస్థానాల తీర్పులు రెండు చదువుతుండగా ఆ బీరువా మనస్సులో మెదిలింది. అంతర్జాలానికి ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలు, గ్రంథాలయాలు అశ్లీల చిత్రాలను ఆపే ఫిల్టర్ అమర్చుకోవాలని అక్కడ 2000లో చట్టం వచ్చింది. ఉద్దేశం మంచిదే. గ్రంథాలయ సంఘం అభ్యంతరం చెప్పినా, 2003లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. మంచి సమాచారం పొరపాటున మూతపడితే వయోజన పాఠకుడు గ్రంథపాలకుని అడిగి తెరిపించుకోవచ్చుననీ, సిగ్గుపడకుండా సమాచారం పొందే హక్కును రాజ్యాంగం ఇవ్వలేదనీ ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ అభిప్రాయపడ్డారు.

కాని అన్నీ పొరపాట్లేనా? మిస్సోరి రాష్ట్రంలోని క్యామ్‌డెంటన్ పాఠశాలల ఫిల్టర్, స్వలింగ ప్రేమికులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ధైర్యం చెప్పే పుటలను మూసి, వారిని నిందించే పుటలను తెరిచి ఉంచింది. అడిగితే తెరుస్తామన్నారు పాఠశాలవారు. 2012లో ఫెడరల్ న్యాయస్థానం అందుకు సమ్మతించలేదు. అడిగి వేచి ఉండవలసిన శ్రమ, ఆ విషయంపై పడిన చిన్నచూపు విద్యార్థిని వెనుకకు నెడతాయని గుర్తించి, ఆ వివక్షను ఆపివేయమని ఆదేశించింది.

నా సందేహం ఏ బాలునికైనా కలిగేదే. అయినా అడగలేకపోయాను. తన మనస్సు తోటివారి మనస్సువలె లేదని గ్రహించి, ఇంటిలో చెప్పుకోలేక తల్లడిల్లే బాలుడు ఏమని అడుగుతాడు? అడగడమంటే తన రహస్యాన్ని తానే బయటపెట్టుకోవడం కదా!

వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. నేరం కానిదానిని గురించి చదువుకోవడం తప్పవుతుందా?

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో పాఠకుని అవసరానికే పెద్దపీట వేశారు. అశ్లీలాన్ని ఆపండి, ఎవరూ కాదనరు. కాని తాళం వేసేముందు, అడగలేక బీరువా ఎదుటినుండి మౌనంగా తిరిగిపోయే విద్యార్థిని ఒక్కసారి తలచుకోవలసిందని కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి.